రక్తం తక్కువన్నారు, ఎందుకని అడగలేదు

“రక్తం తక్కువున్నది బిడ్డా, గోళీలు వేసుకో.” మా జనగామ జిల్లా తరిగొప్పులలో ఈ మాట చెవిన పడకుండా పెరిగిన ఆడపిల్ల ఉండదు. తల్లి విన్నది, అమ్మమ్మ విన్నది, ఇప్పుడు మనుమరాలు వింటున్నది. బడిలో వారానికో నీలం గోళీ. కడుపుతో ఉంటే రోజుకో ఎర్ర గోళీ. ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి నులిపురుగుల గోళీ. గోళీలకు కరువు లేదు. ఇన్ని మింగినా రక్తం ఎందుకు పెరగలేదని అడిగే మనిషికే కరువు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ అంకె చూసి ఒక ప్రభుత్వం నిద్రపోకూడదు. జరిగింది వేరు. పదిమంది పిల్లల్లో ఏడుగురికి ఉన్నదాన్ని రోగం అనడమే మానేశారు. పాలిపోయిన ముఖం మా దిక్కు పిల్లల రంగు అన్నట్టు చూశారు. ఆ ఏడుగురిలో ఒక పిల్లకు కారణం వేరే అయితే, ఆ పిల్లను గుంపులోంచి పట్టి బయటికి తీసేది ఎవరు?

మా అక్క బిడ్డను ఎవరూ తీయలేదు. ఏండ్లకేండ్లు తీయలేదు. పొట్ట ఉబ్బి ఉండేది, కాళ్లు చేతులు సన్నబడేవి. నోట్లో పుండ్లు తగ్గేవి, మళ్లీ వచ్చేవి. తరగతిలో వరుస కడితే ఎప్పుడూ అందరికంటే ముందు నిలబడేది, పొట్టిది కాబట్టి. ఒక డాక్టరు సారు అక్కను, బావను ఎగాదిగా చూసి “మీ ఇంట్ల అందరూ పొట్టోళ్లే గదమ్మా” అని నవ్వాడు. ఇంకొకాయన పిల్ల సరిగా తింటలేదని తేల్చి, తల్లి పట్టించుకోదన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలన్నాడు. ఊళ్లో ఆర్ఎంపీ బలానికని గ్లూకోజు ఎక్కించాడు. మరో చోట పాలల్లో కలిపి తాపమని మాల్ట్ పొడి డబ్బా రాసిచ్చారు. ఆ డబ్బా మీద చిన్నక్షరాల్లో ఏమున్నదో రాసిచ్చిన మనిషి చదివి ఉంటే బాగుండేది. బార్లీ, గోధుమ. ఆ పిల్ల పేగును తినేస్తున్నది సరిగ్గా అవే. దాన్నే బలం అని అమ్మారు.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో, పాత కాగితాల కట్ట తిరగేసిన ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది: “ఇనుము గోళీలు నిజంగా వేసుకున్నదా?” అక్క “ఒక్కటి గూడ ఇడువలే మేడం” అన్నది. “మరి రక్తం ఎందుకు పెరగలే?” అని ఆమె తనను తానే అడుగుతున్నట్టు అన్నది. ఆ తర్వాత రక్త పరీక్ష, ఎండోస్కోపీ, పేగులోంచి చిన్న ముక్క తీసి చూడటం. సీలియాక్ వ్యాధి అని తేలింది. ఆ ప్రశ్న అడగడానికి యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. నాకు కోపం ఆ ప్రశ్న హైదరాబాద్ దాకా పోతే గానీ దొరకనందుకు.

గోధుమ పడకపోవడం అని దీన్ని తేలిగ్గా చెబుతారు. దద్దుర్లు వచ్చి పోయే అలర్జీ కాదిది. గోధుమలో, బార్లీలో, రై అనే గింజలో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కొన్ని జన్యువులు ఉన్నవాళ్లలో కొందరికి అది కడుపులోకి పోగానే శరీరం తన చిన్నపేగు మీద తానే దాడికి దిగుతుంది. పేగు లోపలి గోడ నిండా సన్నటి చూషకాలు ఉంటాయి, తిన్న తిండిలోని సారాన్ని పీల్చేవి అవే. మేకలు పడ్డ నారుమడిలా అవి నేలమట్టం అవుతాయి. ఇక పైనుంచి ఏం పోసినా పట్టుకునేది లేదు.

ఇనుమును ప్రధానంగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. ఈ రోగం ముందుగా కొట్టేదీ, గట్టిగా కొట్టేదీ అక్కడే. అందుకే చాలామందిలో విరేచనాల కంటే ముందు రక్తహీనతే బయటపడుతుంది. కొందరికి విరేచనాలు ఉండనే ఉండవు. ఫోలిక్ ఆమ్లం అదే దారిలో పోతుంది. కొవ్వు సరిగా అరగక, కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు దానితోపాటే బయటికి వెళ్లిపోతాయి. డి లేక, కాల్షియం అందక ఎముకలు గుల్లబారుతాయి. పదేళ్ల పిల్ల మోకాళ్లు గుంజుతున్నయి అంటే “పెరిగే వయసు” అంటారు. పెరగని పిల్లకు పెరిగే వయసు నొప్పులేమిటి? జింక్ తగ్గితే ఎదుగుదల ఆగుతుంది, నోటికి రుచి పోతుంది, పుండ్లు మానవు. బి12 పీల్చుకునే చోటు పేగు చివర్లో ఉన్నా, ఎంతోమంది సీలియాక్ రోగుల్లో అదీ తక్కువే కనిపిస్తుంది. పాలలోని చక్కెరను విరగ్గొట్టే ఎంజైము కూడా ఆ చూషకాల కొసల మీదే ఉంటుంది, అవి పోతే పాలు తాగినా కడుపు ఉబ్బుతుంది. అప్పుడు పాలు పడవని పాలు మాన్పిస్తారు. ఉన్న కాస్త కాల్షియం అట్లా పోతుంది. పాలు మాన్పించమన్న సలహా మాకూ దొరికింది, గోధుమ సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇదేమీ నిన్న మొన్న బయటపడ్డ సంగతి కాదు. విల్లెం కారెల్ డికే అనే డచ్ పిల్లల డాక్టరుకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచే గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకక జనం ఆకలితో చచ్చిపోతుంటే, ఆయన వార్డులోని సీలియాక్ పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడ్డారు. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథం సమర్పించాడు. అంటే కారణం ప్రపంచానికి తెలిసి డెబ్బయి అయిదేళ్లు. జనగామ జిల్లా దాకా రావడానికి ఈ వార్తకు ఏ బస్సు దొరకలేదు?

“అది పంజాబోళ్ల రోగమమ్మా, మనకు రాదు.” ఈ మాట నేను చదువుకున్నవాళ్ల నోటే విన్నాను. లెక్కలు చూద్దాం. 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను మన దేశంలోని మూడు ప్రాంతాల్లో పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో వచ్చింది. ఉత్తరాదిలో వెయ్యికి 8.53 మందికి సీలియాక్ ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి 0.11 మందికే ఉన్నట్టు తేలింది. నిజమే, ఇక్కడ అరుదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో వరుస ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఈ రోగానికి దారి ఇచ్చే జన్యువులు ఉత్తరాదిలో 38.1 శాతం మందికి ఉంటే, దక్షిణాదిలో 36.4 శాతం మందికి ఉన్నాయి. దాదాపు సమానం. సమానం కానిది తిండి. అక్కడ మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, ఇక్కడ 25 గ్రాములు. అంటే మన రక్తంలో ఏదో ప్రత్యేక రక్షణ ఉండి కాదు, మన కంచంలో అన్నం ఉండి ఇన్నాళ్లు తప్పించుకున్నాం. ఇక అరుదు అన్న మాట. ఆ తక్కువ లెక్కనే మూడున్నర కోట్ల తెలంగాణకు వేసి చూసినా మూడు నాలుగు వేల మంది తేలతారు. వాళ్లు ఎక్కడ? ఏ రిజిస్టర్‌లో ఉన్నారు? రక్తహీనత అనే పెద్ద గంపలో పడి, నీలం గోళీలు మింగుతూ ఉన్నారు.

ఆ కంచం కూడా మారింది. మా అమ్మ కాలంలో తరిగొప్పుల దిక్కు జొన్న గటక, మక్క గటక, తైదంబలి, పండుగనాడు వరి బువ్వ. వాటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. నిజం చెప్పాలంటే సీలియాక్ రోగి బతకడానికి అంతకంటే మంచి ఊరు భూమ్మీద దొరకదు. ఇప్పుడు పొద్దున లేవంగనే చాయ్‌లో బిస్కెట్టు, లేకుంటే రస్కు. పాలు మానిన పిల్లకు మొదటి తిండి బిస్కెట్టే. బడి గేటు ముందర మైదా చిరుతిండి పొట్లాలు. హాస్టల్లో చేరితే ఉప్మా, పూరి, చపాతి. షుగరున్న తాతకు రాత్రి రొట్టె, తాత పక్కన కూర్చున్న మనుమరాలికీ అదే రొట్టె. గోధుమ మా ఊరికి ఇట్లా నాలుగు తోవల్లో వచ్చింది. దాన్ని గుర్తు పట్టే వైద్యం ఒక్క తోవలోనూ రాలేదు.

అయిదో తోవ సర్కారుది. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె, వాటికి కలిపిన విటమిన్లు. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా పిల్లలకు అది మంచి తిండే, ఆపమని నేను అనడం లేదు. నా గొడవ వేరు. బాలామృతం తిన్నా బరువు పెరగని పిల్ల ఉంటే ఏం చేస్తారు? ఇంకింత బాలామృతం తినిపించమంటారు. ఆ పిల్లకు సీలియాక్ అని కాగితం తెచ్చి చూపిస్తే ఆ గోధుమ పాకెట్ బదులు బియ్యప్పిండి, తైదల పిండి, పెసరపప్పుతో చేసిన పాకెట్ ఇచ్చే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? ఎన్ని పాకెట్లు కావాలి, జిల్లాకు పదా, ఇరవయ్యా? అంత చిన్న పని కాబట్టే ఎవరికీ పట్టలేదేమో. పెద్ద సమస్యకు పథకం ఉంటుంది, పథకానికి ఫోటో ఉంటుంది. ఒక్క పిల్లకు ఫోటో రాదు.

వెతకమని నియమం లేదా అంటే, ఉంది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనే ఉంది. గోళీలు సరిగా మింగినా నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే, కారణం వెతకడానికి పెద్ద దవాఖానకు పంపాలి. నియమం రాసినవాళ్లకు బుద్ధి ఉంది. దాన్ని అమలు చేయాలంటే గోళీలు ఇచ్చిన నెలకు మళ్లీ వేలు గుచ్చి చూడాలి, పాత అంకె పక్కన కొత్త అంకె రాయాలి, రెంటినీ పోల్చాలి. మనవాళ్లు లెక్కపెట్టేది పంచిన గోళీలను. పెరిగిన రక్తాన్ని కాదు. బ్రిటన్‌లో ఇనుము లోపంతో రక్తహీనత వచ్చిన ప్రతి మనిషికీ సీలియాక్ పరీక్ష చేయమని వైద్యుల సంఘం మార్గదర్శకం చెబుతుంది, నూటికి 3 నుంచి 5 మందిలో అదే కారణంగా తేలుతుంది కాబట్టి. ఇక్కడ అందరికీ చేయమని నేనూ అడగను. గోళీ ఓడిపోయిన చోటనైనా చేయండి అంటున్నా. ఇటలీ 2023లో చట్టం చేసి, పిల్లలందరికీ సీలియాక్‌కూ టైప్-1 మధుమేహానికీ ముందస్తు పరీక్షలు జరపాలని నిర్ణయించింది. రోగమున్నవాళ్లకు గ్లూటెన్ లేని తిండి కొనుక్కోవడానికి నెలనెలా సర్కారే డబ్బిస్తుంది. మన దగ్గర జనగామలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. చదువుకునే పిల్లలు ఈ రోగం గురించి పుస్తకంలో చదువుతారు. దాన్ని పక్క మండలంలో వెతకమని వాళ్లను ఎవరైనా పంపుతారా?

రోగం తేలితే బాధ తీరినట్టని అనుకున్నాం. చేతిలో పెట్టిన కాగితం మీద ఒక్కటే వాక్యం, గోధుమ మానేయాలి, జీవితాంతం. అంతే. ఎట్లా మానేయాలో చెప్పినవాళ్లు లేరు. చారులో వేసే ఇంగువ పొడిలో చాలావరకు మైదా కలుస్తుందని ఎవరు చెప్పాలి? సేమ్యా గోధుమదని అందరికీ తెలుసు, హోటల్లో మిర్చి బజ్జీ వేగిన నూనెలోనే సమోసా వేగిందని పిల్లకు ఎవరు చెప్పాలి? అన్నిటికంటే పెద్ద మోసం గిర్నిది. జొన్నలు మంచివని పట్టించుకుని వస్తాం. మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. ఆ పిండి గిర్ని కడుపులో మిగిలి మన జొన్నల్లో కలుస్తుంది. కిలో తిండిలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే దాన్ని గ్లూటెన్ లేని తిండి అని అమ్మకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఇరవై మిల్లీగ్రాములు అంటే చిటికెడు కూడా కాదు. అక్క అటక మీది ఇసుర్రాయి దింపింది. ఈ కాలంలో రోజూ విసురుకోవడం అంటే ఏమిటో, కూలికి పోయి వచ్చిన ఆడమనిషిని అడగండి.

ఇంకో పక్క హైదరాబాద్‌లో గ్లూటెన్-ఫ్రీ అనేది ఇప్పుడు షోకు. బరువు తగ్గడానికట, చర్మం మెరవడానికట. సూపర్ మార్కెట్లో దానికో అర, అరలో చిన్న పాకెట్, పాకెట్ మీద కూలిమనిషి రోజు సంపాదనను వెక్కిరించే ధర. ఏ రోగమూ లేనివాళ్లకు అది ఫ్యాషన్. మందుగా అదే కావలసిన పిల్లకు మాత్రం “అయ్యో, చపాతి కూడా తినవా, ఎంత సున్నితమో!” అని పెళ్లి పందిట్లో ఎకసెక్కం. ఒక్క ముక్క తింటే ఏమైతది అని బలవంతంగా నోట్లో పెట్టిన బంధువులూ ఉన్నారు. ఒక్క ముక్కతోనే అవుతుంది. మానుతున్న పేగు మళ్లీ తెగుతుంది.

గోధుమ మానేసినంత మాత్రాన లోపాలన్నీ తీరవు. పేగు మానడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏండ్లు. అప్పటిదాకా ఖాళీ అయినవాటిని నింపాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్ చూడాలి, తక్కువైనవి డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి, మళ్లీ చూడాలి. సీలియాక్ రక్త పరీక్షలో వచ్చే టీటీజీ అంకె తగ్గుతున్నదో లేదో చూడాలి. పిల్ల ఎత్తు, బరువు రాయాలి. ఇదేమీ చేయకుండా ఏడాదికోసారి వచ్చి పొమ్మంటే సరిపోదు. రొట్టె మానేసి మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, మీద పచ్చడి మెతుకు తింటే గ్లూటెన్ పోతుంది, దాంతోపాటు పీచు, బి1, ఫోలేట్ కూడా పోతాయి. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు కనిపించవచ్చు. వాటిని వేరే బియ్యమని ఏరి పారేస్తారు కొందరు, ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టించినవాళ్ల పుణ్యం. అవి ఏరకండి. గుడ్డు, తోటకూర, మునగాకు, పెసర్లు, కందిపప్పు, నువ్వులు, కాల్షియానికి తైదలు, దొరికిననాడు కార్జం. ఇవన్నీ మా అంగట్లో దొరికేవే. పోషకాహారం మీద దేశానికే పాఠం చెప్పే జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచీ హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాక నుంచి తరిగొప్పుల ఎంత దూరం? ఏమేం తినవచ్చో, ఏమేం తినకూడదో మా అక్క చదువుకోగల తెలుగులో ఒక్క పేజీ కాగితం ఏ దవాఖానలోనూ ఆమె చేతికి రాలేదు.

నాకు ఇంకా రగిలేది ఆడవాళ్ల సంగతి తలచుకుంటే. ఈ రోగం గుర్తించక వదిలేస్తే రజస్వల ఆలస్యం కావచ్చు, గర్భం నిలవకపోవచ్చు, పుట్టిన పిల్లలు తక్కువ బరువుతో ఉండొచ్చు. మన ఊళ్లలో గర్భం నిలవని ఆడమనిషికి ఏ పేర్లు పెడతారో అందరికీ తెలుసు. వాటిని ఇక్కడ రాయను. మొక్కులు, చెట్ల మందులు, రెండో పెళ్లి బెదిరింపులు. అందరికీ కారణం సీలియాక్ అని అనడం లేదు, అలా అంటే అబద్ధం. కానీ గోళీలకు లొంగని రక్తహీనత ఉండి, రెండు మూడుసార్లు కడుపు పోయిన మనిషికి ఈ పరీక్ష రాయడానికి ఏమి అడ్డం? ఒక గొట్టం రక్తం. అంతే కదా అడుగుతున్నది.

తరిగొప్పులలో, నర్మెట్టలో, బచ్చన్నపేటలో, ఎక్కడున్నా సరే ఇది చదివే తల్లులకు, ఆశా కార్యకర్తలకు, బడి పంతుళ్లకు ఒక మాట. పిల్ల నెల రోజులు గోళీలు వదలకుండా మింగినా హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగలేదంటే, ఎదగడం లేదంటే, మళ్లీ గోళీల పొట్లం తీసుకుని వెనక్కి రాకండి. పెద్ద దవాఖానకు రాయించుకోండి. టీటీజీ-ఐజీఏ పరీక్ష, దానితో మొత్తం ఐజీఏ పరీక్ష అడగండి. పరీక్ష అయ్యేదాకా గోధుమ మాన్పించకండి, మాన్పిస్తే రోగం ఉన్నా లేనట్టు కనపడొచ్చు. ఒకరికి తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, తల్లిదండ్రులకు కూడా చేయించండి. రోగి ఇంట్లో పదిమందిలో దాదాపు ఒకరికి ఉంటుంది. “ఆ రోగం మన దిక్కు లేదు, అక్కర్లేదు” అని ఎవరన్నా అంటే, ఆ మాటే చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టి ఇమ్మనండి.